నట్టనడుమ కూర్చుంటే బేస్ మాయమవుతోంది: ఎలాంటి సబ్‌వూఫర్ తీసుకోవాలి, ఎలా కలపాలి?

ప్రశ్న

నా గది పొడవు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. నాలుగు మీటర్ల గోడకు ముందు, స్టాండ్ల మీద రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. వాటి వూఫర్ ఐదున్నర అంగుళాలది, పోర్టు (పెట్టెలోని గాలి వెళ్లే రంధ్రం) వెనుకవైపు ఉంది. 55 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ధ్వని 3 డెసిబెల్స్ తగ్గుతుందని వివరాల పత్రంలో రాశారు. యాంప్లిఫయర్ మామూలు స్టీరియోది. దానికి సబ్‌వూఫర్ (మంద్ర ధ్వనుల కోసమే ఉండే స్పీకర్) అవుట్‌పుట్ ఒకటి ఉంది గానీ, స్పీకర్లకు వెళ్లే సిగ్నల్‌లోంచి మంద్ర ధ్వనులను తప్పించే ఏర్పాటేదీ లేదు. నేను ఎక్కువగా వినేది సంగీతం. రాత్రిపూట అప్పుడప్పుడు సినిమాలు కూడా ఇదే గదిలో చూస్తాను.

కొనేముందు ఒకసారి విని చూద్దామని మిత్రుడి దగ్గర పది అంగుళాల సీల్డ్ (పోర్టు లేకుండా పూర్తిగా మూసిన) సబ్‌వూఫర్ తెచ్చి, ఖాళీ స్థలం అక్కడే ఉంది కాబట్టి ముందు గోడ మూలలో పెట్టి, క్రాస్‌ఓవర్‌ను, అంటే సబ్‌వూఫర్ ఎంతవరకు మోగాలో చెప్పే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచాను. సోఫా గదికి నట్టనడుమ ఉంటుంది. అక్కడ కూర్చుంటే బేస్ గిటార్ లావు తీగ మీద వాయించే అడుగు స్వరాలు దాదాపు మాయమవుతున్నాయి. అదే గిటార్ కాస్త పైకి వెళ్లగానే ఒకటి రెండు స్వరాలు ఉబ్బిపోయి, వాయించడం ఆగాక కూడా గదిలో మోగుతూనే ఉన్నాయి. లేచి వెనుక గోడ దగ్గరికి వెళ్తే మాత్రం ఇందాక వినిపించని స్వరాలన్నీ నిండుగా వినిపిస్తున్నాయి. పన్నెండు అంగుళాల పోర్టెడ్ సబ్‌వూఫర్ తీసుకుంటే ఈ లోటు తీరుతుందా? క్రాస్‌ఓవర్‌ను, ఫేజ్‌ను (సబ్‌వూఫర్, స్పీకర్ల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరును) ఏ ఆధారంతో నిర్ణయించుకోవాలి?

మొదటి సమాధానం

మీరు చెప్పిన లక్షణాలన్నీ మీ గది కొలతల్లోనే కనిపిస్తున్నాయి కాబట్టి, సబ్‌వూఫర్ చాలలేదని అప్పుడే నిర్ణయానికి రాకండి. ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, వచ్చిన సంఖ్యతో 343ను భాగిస్తే ఆ రెండు గోడల మధ్య ఏర్పడే మొదటి అనునాదం, అంటే ఆ దూరానికి సరిపడి ధ్వని బలపడే పౌనఃపున్యం, తెలుస్తుంది. మీ గదిలో అది పొడవు వెంట 34 హెర్ట్జ్, వెడల్పు వెంట 43, ఎత్తు వెంట 57. వీటికి రెట్టింపు దగ్గర, అంటే పొడవుకు 69, వెడల్పుకు 86 హెర్ట్జ్ దగ్గర, రెండో అనునాదాలు ఉంటాయి.

తొట్టిలో నీళ్లను ఊపితే రెండు అంచుల దగ్గర మట్టం బాగా పైకీ కిందికీ పోతుంది గానీ నడుమ కదలదు. మొదటి అనునాదంలో గాలి ఒత్తిడి కూడా అలాగే గోడల దగ్గర గరిష్ఠంగా, నడిమధ్య దాదాపు శూన్యంగా ఉంటుంది. మీ సోఫా పొడవుకూ వెడల్పుకూ కూడా నడుమనే ఉన్నందువల్ల 34, 43 హెర్ట్జ్ అనునాదాలు రెండూ మీకు అందకుండా పోతున్నాయి. బేస్ గిటార్ లావు తీగను వేలు పెట్టకుండా మీటితే వచ్చే ‘ఇ’ స్వరం 41.2 హెర్ట్జ్, దాని పైనున్న ‘ఎఫ్’ 43.7 హెర్ట్జ్. మీరు మాయమవుతున్నాయన్న స్వరాలు ఇవే అయి ఉండాలి. రెండో అనునాదాల సంగతి ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. గది నడుమ వాటి ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుంది. ‘సి షార్ప్’ 69.3 హెర్ట్జ్, దాని పైనున్న ‘ఎఫ్’ 87.3 హెర్ట్జ్ కాబట్టి, ఉబ్బి మోగుతున్నవి ఆ రెండూ కావచ్చు. సబ్‌వూఫర్‌ను మూలలో పెట్టినప్పుడు గదిలోని అనునాదాలన్నీ పూర్తి బలంతో మేల్కొంటాయి, అందువల్ల ఈ హెచ్చుతగ్గులు మరింత స్పష్టంగా బయటపడ్డాయి.

కాబట్టి ఇప్పుడున్న చోటే సోఫాను ఉంచి పన్నెండు అంగుళాలది తెచ్చినా, పదిహేను అంగుళాలది తెచ్చినా, మాయమయ్యే స్వరాలకూ ఉబ్బే స్వరాలకూ మధ్య తేడా అలాగే ఉంటుంది. ఉబ్బేది ఇంకా ఉబ్బుతుంది. కొనడానికి ముందే, మిత్రుడి సబ్‌వూఫర్ మీ దగ్గర ఉండగానే, రెండు పనులు చేసి చూడండి. ముందుగా సోఫాను వెనక్కి జరిపి, వినేవారి తల ముందు గోడకు 3.2 మీటర్ల దూరంలో ఉండేలా చూడండి. అక్కడ 34 హెర్ట్జ్ మళ్లీ వినిపించడం మొదలవుతుంది, 69 హెర్ట్జ్ ఉబ్బు లెక్క ప్రకారం సుమారు 4 డెసిబెల్స్ తగ్గుతుంది. అయితే సోఫాను వెనుక గోడకు ఆనించవద్దు. అక్కడ పొడవు వెంట వచ్చే అనునాదాలన్నీ గరిష్ఠ స్థాయిలో ఉంటాయి, వెనుకకు వెళ్లినప్పుడు మీకు నిండుగా అనిపించింది అందుకే.

తరువాత సబ్‌వూఫర్‌ను మూల నుంచి తీసి, ముందు గోడ వెంట రెండు స్పీకర్ల నడుమ పెట్టండి. వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉన్న సబ్‌వూఫర్ 43 హెర్ట్జ్ అనునాదాన్ని దాదాపుగా రేపదు. మీరు కూర్చునేది కూడా వెడల్పు మధ్యలోనే కాబట్టి ఆ అనునాదం బలం మీకు కలిసిరాదు, కానీ మూలలో పెట్టినప్పుడు ఇతర అనునాదాలతో కలిసి అది తెచ్చే గందరగోళం తగ్గుతుంది. అక్కడ కూడా నచ్చకపోతే పాత పద్ధతి ఉండనే ఉంది: సబ్‌వూఫర్‌ను సోఫా మీద, మీరు కూర్చునే చోటే పెట్టి, మెట్టుమెట్టుగా దిగే బేస్ గిటార్ ఉన్న పాటను మళ్లీ మళ్లీ మోగిస్తూ, సబ్‌వూఫర్ పెట్టడానికి వీలున్న చోట్లన్నింటా నేలకు దగ్గరగా తల పెట్టి వినండి. స్వరాలన్నీ ఒకే బలంతో వినిపించిన చోటును గుర్తుపెట్టుకుని సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చండి. మూలం, శ్రోత చోట్లు మారినా వాటి మధ్య ధ్వని ప్రసారం ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది.

గోడలు పలచనివైనా, తలుపు తెరిచి ఉన్నా పై అంకెలు కొంత అటూ ఇటూ జరుగుతాయి. వాటిని వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవిగానే తీసుకోండి.

రెండవ సమాధానం

గది గురించి పై సమాధానంలో చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, అయితే ఎంపిక గురించి అడిగిన ప్రశ్న మిగిలే ఉంది. ఒకే గట్టిదనం కావాలంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గర 3 మిల్లీమీటర్లు కదిలి ఇచ్చే ధ్వనిని 20 హెర్ట్జ్ దగ్గర ఇవ్వాలంటే 12 మిల్లీమీటర్లు కదలాలన్నమాట. సబ్‌వూఫర్లు ఖర్చుతో, బరువుతో కూడుకున్నవి కావడానికి మూలం ఇదే. కోన్ వైశాల్యం అంగుళాల వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పది నుంచి పన్నెండుకు వెళ్తే వైశాల్యం సుమారు 44 శాతం పెరుగుతుంది. అంటే అదే కదలికకు దాదాపు 3 డెసిబెల్స్ ఎక్కువ ధ్వని వస్తుంది. ఇది చిన్న లాభం కాదు, కానీ పోయిన స్వరాన్ని తిరిగి తెచ్చే లాభం మాత్రం కాదు.

సీల్డ్ పెట్టెలో ధ్వని కిందికి పోయేకొద్దీ ఆక్టేవ్‌కు (పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది. పోర్టెడ్ పెట్టెలో పోర్టు ట్యూనింగ్ (పోర్టును అమర్చిన పౌనఃపున్యం) దాకా బలంగా నిలబడి, దాని కింద ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. ఆ ట్యూనింగ్ కింద కోన్‌కు పెట్టెలోని గాలి ఆధారం పోతుంది కాబట్టి దాన్ని కాపాడే ఫిల్టర్ కూడా కావాలి. మీ గదిలో అతి తక్కువ అనునాదం 34 హెర్ట్జ్. తలుపులు మూసిన గదిలో దాని కింద గది తానే కొంత సాయం చేస్తుంది, కిందికి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. సీల్డ్ పెట్టె నెమ్మదిగా తగ్గే తీరు, గది సాయం పెరిగే తీరు ఒకదానికొకటి చాలావరకు సరిపోతాయి. 60 ఘనపు మీటర్ల గదిలో, ప్రధానంగా సంగీతం వినేవారికి నేను సీల్డ్ వైపే మొగ్గుతాను. సినిమాల్లో 20, 25 హెర్ట్జ్ దగ్గరి గర్జనలు ఒంటికి తగలాలన్నది మీ ముఖ్యమైన కోరిక అయితే పెద్ద పోర్టెడ్ పెట్టెకు మారు లేదు, దానికి తగిన చోటు కేటాయించగలరా అన్నది మాత్రం ముందే చూసుకోండి.

వివరాల పత్రాల్లో ‘20 హెర్ట్జ్ వరకు’ అని మాత్రమే రాసి, ఎన్ని డెసిబెల్స్ తగ్గుదలతోనో రాయని అంకెకు విలువ లేదు. సీటీఏ-2010 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన గరిష్ఠ ధ్వని అంకెలు దొరికితే వాటితో పోల్చండి. ఇందులో వక్రీకరణకు హద్దు పెట్టి, ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఎంత గట్టిగా మోగగలదో విడివిడిగా చెబుతారు. ఒక జాగ్రత్త అవసరం: కొందరు ఒక మీటరు దూరంలో పీక్ (తరంగపు శిఖర) విలువ ఇస్తారు, కొందరు రెండు మీటర్ల దూరంలో ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) విలువ ఇస్తారు. ఈ రెండింటి మధ్య 9 డెసిబెల్స్ తేడా కేవలం లెక్కించే పద్ధతి వల్లనే వస్తుంది, కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో చూడకుండా రెండు పత్రాలను పక్కపక్కన పెట్టకూడదు. వాట్ల అంకెను నేను దాదాపు పట్టించుకోను.

మూడవ సమాధానం

కలిపే విషయంలో మీకున్న అసలు ఇబ్బంది క్రాస్‌ఓవర్. మీ స్పీకర్లు 55 హెర్ట్జ్ వరకు బలంగా మోగుతున్నాయి, సబ్‌వూఫర్ 80 హెర్ట్జ్ వరకు మోగుతోంది. మధ్యలోని 55 నుంచి 80 హెర్ట్జ్ భాగాన్ని ఇద్దరూ వాయిస్తున్నారు, మీ గదిలో ఉబ్బే 69 హెర్ట్జ్ సరిగ్గా అక్కడే పడింది. హోమ్ థియేటర్ రిసీవర్లలో 80 హెర్ట్జ్ అన్నది టీహెచ్‌ఎక్స్ అనే సినిమా ధ్వని ప్రమాణం వల్ల స్థిరపడిన మంచి అంకెనే, కానీ అక్కడ రిసీవరు 80కి కింద ఉన్నదాన్ని స్పీకర్ల నుంచి తప్పిస్తుంది. మీ యాంప్లిఫయర్ ఆ పని చేయదు కాబట్టి ఆ అంకెను అలాగే తీసుకోకూడదు.

మీకు రెండు దారులున్నాయి. పోర్టులను అలాగే ఉంచితే సబ్‌వూఫర్ క్రాస్‌ఓవర్‌ను 50 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, పైకి తెచ్చేటప్పుడు మగ గొంతు బరువెక్కినట్టు అనిపించిన చోట ఆగి, కొంచెం వెనక్కి రండి. లేదా స్పీకర్ల పోర్టుల్లో నురుగు బిరడాలు బిగించండి. చాలా స్పీకర్ల పెట్టెల్లో అవి జతగా వస్తాయి. పోర్టు మూసుకుంటే ఆ స్పీకరు సీల్డ్ స్పీకరులా ప్రవర్తించి, మరికాస్త పై నుంచే తగ్గడం మొదలుపెట్టినా, నిటారుగా కాక మెల్లగా తగ్గుతుంది. అప్పుడు సబ్‌వూఫర్‌ను 60, 70 హెర్ట్జ్ దాకా తేవచ్చు, పైగా రెండింటి ఫేజ్ కలపడం కూడా తేలికవుతుంది. నేనైతే రెండో దారి ముందు ప్రయత్నిస్తాను.

ఫేజ్ మీటను చాలామంది అలంకారంగా వదిలేస్తారు, కానీ క్రాస్‌ఓవర్ దగ్గర ఫలితమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. రెండు మూలాల ధ్వని ఒకే ఫేజ్‌లో, సమాన బలంతో చేరితే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఎదురు ఫేజ్‌లో చేరితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పెరుగుదలలో ఏది గరిష్ఠమో చెవి సరిగ్గా పట్టుకోలేదు, లోటును మాత్రం చక్కగా పట్టుకుంటుంది. అందుకని తిరగేసి చేయండి: రెండు స్పీకర్ల తీగలనూ ఎరుపు, నలుపు మార్చి కలపండి, క్రాస్‌ఓవర్ అంకె దగ్గరి స్వరాన్ని, ఉదాహరణకు 60 హెర్ట్జ్‌ను, తక్కువ గట్టిదనంతో మోగించండి. మీరు కూర్చునే చోట ఉండి, మరొకరితో మీటను నెమ్మదిగా తిప్పించి, ధ్వని అతి తక్కువ అయిన చోట ఆపించండి. తరువాత యాంప్లిఫయర్‌ను ఆపి, తీగలను మామూలు పద్ధతిలోకి మార్చండి. ఆ స్థానంలోనే రెండూ అత్యుత్తమంగా కలుస్తాయి. సబ్‌వూఫర్‌ను జరిపినా, క్రాస్‌ఓవర్ మార్చినా ఈ పని మళ్లీ చేయాలి.

కొనేటప్పుడు ఆలస్యం సంగతి కూడా గుర్తుంచుకోండి. లోపల డీఎస్‌పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా సరిచేసే చిప్) ఉన్న సబ్‌వూఫర్లు సిగ్నల్‌ను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా ఇస్తాయి. ఒక మిల్లీసెకను అంటే 34 సెంటీమీటర్ల దూరంతో సమానం, 60 హెర్ట్జ్ దగ్గర 3 మిల్లీసెకన్లు అంటే దాదాపు 65 డిగ్రీల ఫేజ్ తేడా. రిసీవరు అయితే స్పీకర్లను ఆలస్యం చేసి సరిచేయగలదు, మీ యాంప్లిఫయర్‌కు ఆ వీలు లేదు. అందువల్ల మీ నుంచి స్పీకర్ల కంటే దూరంగా సబ్‌వూఫర్ పెట్టే ఆలోచన మీకు సరిపడదు. ఫేజ్ మీటకు 0, 180 అనే రెండు స్థానాలు మాత్రమే ఉన్నదాన్ని కాక, మధ్యలో ఎక్కడైనా ఆపగలిగేదాన్నే ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. సోఫాను 3.2 మీటర్ల దగ్గరికి జరిపి, సబ్‌వూఫర్‌ను స్పీకర్ల నడుమకు తెచ్చి, పోర్టులు మూసి, క్రాస్‌ఓవర్ 65 దగ్గర పెట్టి, చెప్పిన పద్ధతిలో ఫేజ్ సరిచేశాను. లావు తీగ స్వరాలు ఇప్పుడు సోఫా మీదే స్పష్టంగా వినిపిస్తున్నాయి. ‘సి షార్ప్’ ఉబ్బు తగ్గింది గానీ పోలేదు, వాయించడం ఆగాక దాని తోక ఇంకా మిగులుతోంది. పది అంగుళాల సీల్డ్ నా గదికి చాలుతుందనే అనిపిస్తోంది. ఇక మిగిలిన సందేహాలు రెండు. ఆ ఉబ్బును ఈక్వలైజర్‌తో (ఎంచుకున్న పౌనఃపున్యాల బలాన్ని మార్చే సాధనంతో) తగ్గించడం మంచిదా, లేక ఇలాంటివే రెండు తీసుకోవడం మంచిదా? ఏమీ మోగనప్పుడు సబ్‌వూఫర్‌లో సన్నని గుయ్‌మనే శబ్దం వస్తోంది, అది లోపమా?

నాలుగవ సమాధానం

సోఫాలో మీరొక్కరే వింటారా, ముగ్గురు పక్కపక్కన కూర్చుంటారా అన్నదాన్ని బట్టి నా సమాధానం మారుతుంది. ఒక్క చోటే ముఖ్యమైతే ఒక సబ్‌వూఫర్, ఒక మంచి ఈక్వలైజర్ సరిపోతాయి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, యూమిక్-1 వంటి కొలత మైకును తీసుకుని, చెవి ఎత్తున, తల చుట్టూ కొన్ని చోట్ల 15 నుంచి 200 హెర్ట్జ్ వరకు కొలవండి. 69 దగ్గర లేచిన శిఖరం ఎంత వెడల్పు ఉందో అంతే వెడల్పు ఫిల్టర్‌తో తగ్గిస్తే, దాని ఎత్తుతోపాటు మీరు చెబుతున్న తోక కూడా పొట్టిదవుతుంది, ఎందుకంటే మంద్ర ధ్వనుల్లో ఆ రెండూ ఒకే అనునాదపు రెండు ముఖాలు. స్పీకర్ల నుంచి వచ్చే 69 హెర్ట్జ్‌ను సబ్‌వూఫర్‌కు పెట్టిన ఫిల్టర్ తాకదని మాత్రం గుర్తుంచుకోండి. కాబట్టి తగ్గింపు పూర్తిగా జరగకపోతే ఫిల్టర్ తప్పని అనుకోకండి. గ్రాఫులో లోయలు కనిపిస్తే వాటిని పూడ్చబోవద్దు. 10 డెసిబెల్స్ పెంచడమంటే పది రెట్ల శక్తి అడగడమే, గది ఎంత ఇచ్చినా ఆ చోట మళ్లీ చెరిపేస్తుంది. గోడకు పలచని నురుగు పలకలు అంటించడం వల్ల కూడా ఈ శ్రేణిలో ప్రయోజనం లేదు. 69 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే దాదాపు ఒకటింబావు మీటర్లు.

పక్కపక్కన కూర్చునేవారందరికీ ఒకేలా వినిపించాలంటే రెండు సబ్‌వూఫర్లు ఈక్వలైజర్ చేయలేని పని చేస్తాయి. హర్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ దీర్ఘచతురస్రాకార గదుల మీద చేసిన పరిశీలనలో, ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో పెట్టిన రెండు సబ్‌వూఫర్లు సీటుకూ సీటుకూ తేడాను బాగా తగ్గించాయి. నాలుగు దాటాక అదనంగా వచ్చే మేలు స్వల్పమేనని తేలింది. మీకు వెనుక గోడ దగ్గర పెట్టడం ఆలస్యం వల్ల కుదరకపోవచ్చు. అప్పుడు రెండింటినీ ముందు గోడ వెంటే, ఒక్కొక్కటి తన వైపు పక్కగోడకు మీటరు దూరంలో, అంటే వెడల్పులో నాలుగో వంతు దగ్గర పెట్టండి. 43 హెర్ట్జ్ విషయంలో రెండూ పరస్పరం ఎదురుగా పనిచేసి దాన్ని లేపకుండా చేస్తాయి, 86 హెర్ట్జ్ అనునాదానికి ఆ చోటే శూన్యస్థానం కాబట్టి అదీ లేవదు. 69 హెర్ట్జ్ పొడవుకు చెందినది, దాన్ని ఈ అమరిక తగ్గించలేదు. అక్కడ ఈక్వలైజరో, సోఫాను ఇంకొంచెం వెనక్కి జరపడమో తప్పదు. వినేవారి తల వెనుక గోడకు ఒకటింబావు మీటర్ల దూరంలో ఉంటే ఆ అనునాదం లెక్క ప్రకారం పూర్తిగా తప్పుకుంటుంది. ముందుగా అది ప్రయత్నించండి, ఖర్చు లేని పని.

గుయ్‌మనే శబ్దం చాలావరకు ఎర్త్ లూప్ వల్ల, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగలు సిగ్నల్ కేబుల్ ద్వారా కూడా కలిసి వలయంగా మారడం వల్ల, వస్తుంది. సబ్‌వూఫర్ నడుస్తుండగా సిగ్నల్ కేబుల్‌ను సబ్‌వూఫర్ వైపు ఊడదీసి వినండి. శబ్దం ఆగితే సబ్‌వూఫర్‌లో లోపం లేనట్టే. యాంప్లిఫయర్‌నూ సబ్‌వూఫర్‌నూ ఒకే ప్లగ్ బోర్డుకు కలిపి చూడండి. అప్పటికీ పోకపోతే సిగ్నల్ కేబుల్ దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ (తీగలు నేరుగా తగలకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించే చిన్న పెట్టె) పెట్టండి, అయితే 20 హెర్ట్జ్ వరకు తగ్గకుండా పంపగలదని స్పష్టంగా రాసినదాన్నే తీసుకోండి, నాసిరకం వాటిలో మీరింత కష్టపడి తెచ్చుకున్న అడుగు స్వరాలే ముందు పోతాయి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పాటించవద్దు, అది ప్రాణానికి ప్రమాదం. కేబుల్ ఊడదీసినా శబ్దం వస్తూనే ఉంటే అప్పుడు లోపం ఆ సబ్‌వూఫర్ యాంప్లిఫయర్‌లోనే ఉంది, మిత్రుడికి ఆ మాట చెప్పండి.